స్టాన్లీ స్ఫటికములు: ఒక పరిశీలన

1935 జూన్ నెలలో అమెరికాలోని 'సైన్స్' పత్రికలో వెండెల్ స్టాన్లీ ప్రకటించిన వ్యాసం రెండు పుటలు మాత్రమే. అయినా జీవశాస్త్ర చరిత్రలో దాని స్థానం పెద్దది. పొగాకు ఆకులపై లేత, ముదురు పచ్చని మచ్చలు పుట్టించే మొజాయిక్ తెగులుకు కారణమైన వైరస్‌ను ఆయన ఆకురసం నుండి సూదుల వంటి స్ఫటికములుగా వేరుచేసి, అది ప్రోటీను అని నిర్ణయించినారు. ఇందులో ఋజువైనదెంత, ఊహ ఎంత?

ప్రయోగభాగం గట్టిది. పదిమార్లు వరుసగా స్ఫటికీకరించినా ఆ పదార్థం తెగులు కలిగించే శక్తిని కోల్పోలేదు. నూరు కోట్ల వంతులకు పలచన చేసిన ద్రావణం సైతం ఒక ఘన సెంటీమీటరుతో సాధారణంగా మొక్కకు తెగులు అంటించగలిగినది. 1898లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ జీవముగల ద్రవంగా భావించిన వైరస్, ఈ విధంగా తూచదగిన పదార్థమైనది. ఈ ఘనత స్టాన్లీదే.

లోపం నిర్ణయంలో ఉన్నది. 1936లో ఇంగ్లండులో బాడెన్, పిరీ, బెర్నాల్, ఫాన్‌కుచెన్ అనువారు అదే వైరస్‌ను పరీక్షించి, అందులో సుమారు 0.5 శాతం భాస్వరం, 2.5 శాతం కార్బోహైడ్రేటు ఉన్నవని చూపినారు. ఇవి రిబోన్యూక్లికామ్లానికి చెందినవి. స్ఫటికం ఏర్పడినంత మాత్రాన పదార్థమంతా ప్రోటీనే అనుటకు వీలులేదు. అయితే స్టాన్లీ పొరపాటు నిష్కారణమైనది కాదు. సమ్నర్ 1926లో, నార్‌త్రాప్ 1930లో ఎంజైములను స్ఫటికీకరించి, అవి ప్రోటీనులని చూపియున్నారు. జీవక్రియల కీలకమంతా ప్రోటీనులలోనే ఉన్నదను నమ్మకం నాడు బలంగా ఉండేది.

ఈ ముగ్గురికీ 1946లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానం లభించినది. పది సంవత్సరాల పిమ్మట, 1956లో, జర్మనీలో గీరర్, ష్రామ్, అమెరికాలో ఫ్రెంకెల్-కాన్రాట్ ప్రోటీనును తొలగించి, మిగిలిన న్యూక్లికామ్లమే తెగులు కలిగించగలదని నిరూపించినారు. ఫ్రెంకెల్-కాన్రాట్ పనిచేసినది బర్క్‌లీలో స్టాన్లీ నడిపిన ప్రయోగశాలలోనే.

"స్టాన్లీ వైరస్‌ను స్ఫటికీకరించినాడు" అను ఒక్క వాక్యంతో పాఠం ముగించరాదు. వైరస్ బరువులో నూటికి సుమారు తొంబదియైదు పాళ్ళు ప్రోటీనే. సంతానానికి కావలసిన సమాచారమంతా మిగిలిన అయిదు పాళ్ళలో ఉన్నది. పరిమాణాన్ని బట్టి ప్రాధాన్యాన్ని నిర్ణయించరాదని విద్యార్థికి తెలుపుటకు ఇంతకన్న మంచి ఉదాహరణ అరుదు.