తీవ్ర ఒత్తిడిలో పోలీసు అధికారి సాక్ష్యం: గ్రహణమా, జ్ఞాపకమా?

కాల్పుల వేళ పోలీసు అధికారుల ఇంద్రియానుభవాన్ని పరిశీలించిన రచనలలో అమెరికన్ మనస్తత్వవేత్త అలెక్సిస్ ఆర్ట్‌వోల్ 2002లో ఎఫ్.బి.ఐ. లా ఎన్‌ఫోర్స్‌మెంట్ బులెటిన్‌లో ప్రచురించిన వ్యాసం ముఖ్యమైనది. కాల్పులలో పాల్గొన్న 157 మంది అధికారుల సమాధానాలు దీనికి ఆధారం. వారిలో 84 శాతం మందికి శబ్దాలు మందగించి వినిపించాయి. 79 శాతం మందికి దృష్టిపరిధి కుంచించుకుపోయింది. 74 శాతం మంది ఆలోచన లేకుండానే యాంత్రికంగా స్పందించారు. 62 శాతం మందికి కాలం నెమ్మదించినట్లు తోచింది.

వాంగ్మూలంలోని ప్రతి పొరపాటూ అబద్ధం కాదని గుర్తింపజేయడం ఈ వ్యాసం చేసిన మేలు. అయితే దాని పద్ధతిలోనే ఒక పరిమితి ఉంది. ఆ సమాధానాలన్నీ ఘటన ముగిసిన తరువాత ఇచ్చినవి. అందుచేత అవి నేరుగా తెలిపేది ఆ క్షణంలోని గ్రహణాన్ని కాదు, దాని జ్ఞాపకాన్ని. ఈ రెండూ వేరు కావచ్చునని 2007లో స్టెట్సన్, ఫియెస్టా, ఈగల్‌మన్‌ల ప్రయోగం సూచించింది. 31 మీటర్ల ఎత్తునుండి వలలోకి పడినవారు తమ పతనకాలాన్ని ఎక్కువగా అంచనా వేశారు. కానీ పడుతున్నప్పుడు, వేగంగా మారే అంకెలను మామూలుకంటే మెరుగుగా చదవలేకపోయారు.

ఈ భేదం న్యాయవిచారణలో కీలకమవుతుంది. అమెరికాలో 1989 నాటి గ్రాహం వర్సెస్ కానర్ తీర్పు ప్రకారం బలప్రయోగాన్ని ఘటనాస్థలంలోని వివేకవంతుడైన అధికారి దృష్టితో కొలవాలి. ఆ దృష్టిని కాల్చిన అధికారి జ్ఞాపకంనుండి మాత్రమే పునర్నిర్మిస్తే, మరణించినవారి పక్షం వినిపించేవారుండరు. కనుక ఒత్తిడి ప్రభావం అధికారి పొరపాటుకు వివరణ కావచ్చు. కాల్పుల సమంజసతకు రుజువు కాజాలదు.