బొంత ఎవరికి చెందాలి?

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా ఇంగ్లీషు క్లాసులో ఒక కథ చదివి ఇంటికొచ్చింది. ఫ్యామిలీ రూములో గోడమీద అద్దాల ఫ్రేములో ఉన్న మా అమ్మమ్మ బొంతకేసి కాసేపు చూసి, "అమ్మా, నువ్వు డీవా?" అని అడిగింది. ఆ కథ నేను అంతకుముందు చదవలేదు. ఆ రాత్రే చదివాను. అప్పటినుంచీ దానితో పోట్లాడుతూనే ఉన్నాను.

కథ పేరు 'ఎవ్రీడే యూజ్'. ఆలిస్ వాకర్ రాసింది, 1973లో అచ్చయింది. అమెరికా దక్షిణాది పల్లెలో ఓ ఆఫ్రికన్ అమెరికన్ తల్లి, ఇద్దరు కూతుళ్ళు. పెద్దది డీ చదువుకుని వెళ్ళిపోయింది. చిన్నది మ్యాగీ, ఇల్లు తగలబడినప్పుడు ఒళ్ళు కాలి మచ్చలు పడ్డ పిల్ల, తల్లి దగ్గరే ఉండిపోయింది. ఒకరోజు డీ కొత్త ఆఫ్రికన్ పేరుతో, చేతిలో పోలరాయిడ్ కెమెరాతో దిగుతుంది. ఇంకా పాలున్న చిలికే కుండ మూత కావాలంటుంది, బల్లమీద అలంకరణకి. కవ్వమూ కావాలంటుంది. చివరికి పెట్టెలోంచి రెండు బొంతలు తీస్తుంది. వాటిలో అమ్మమ్మ గౌన్ల ముక్కలున్నాయి. అంతర్యుద్ధంలో ముత్తాత వేసుకున్న యూనిఫారంలోంచి అగ్గిపెట్టెంత నీలిముక్క ఉంది. ఆ బొంతలు మ్యాగీ పెళ్ళికని తల్లి మాట ఇచ్చింది. మ్యాగీకిస్తే రోజూ వాడి చింపేస్తుందని డీ గోల. ఇచ్చెయ్యమ్మా, బొంత లేకపోయినా అమ్మమ్మ గుర్తుంటుంది నాకు, అంటుంది మ్యాగీ. తల్లి వాటిని డీ చేతుల్లోంచి లాక్కుని మ్యాగీ ఒళ్ళో పడేస్తుంది.

చదవగానే అందరం మ్యాగీ పక్షమే. నాకొచ్చిన పేచీ అక్కడే. కథ చెప్పేది తల్లి. డీ గోడు వినిపించే అవకాశమే లేదు. డీని పై చదువుకి పంపడానికి డబ్బు పోగుచేసింది ఆ తల్లీ, వాళ్ళ చర్చీనే. పంపించినవాళ్ళే, మారిపోయి వచ్చావేమిటని అడిగితే ఎలా? దూరం వెళ్ళినవాళ్ళకే కవ్వం అందంగా కనిపిస్తుంది. రోజూ చిలికేవాళ్ళకి అది కవ్వమే. ఈ కథ రాసిన ఆలిస్ వాకర్ కూడా జార్జియా పల్లెలోంచి చదువుకోసం వెళ్ళిపోయిన కూతురే. మరుసటి ఏడాదే, అంటే 1974లో, తల్లుల తోటల గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, స్మిత్సోనియన్‌లో వేలాడుతున్న ఒక బొంత గురించి పరవశంగా చెప్పింది. అలబామాలో పేరు తెలియని నల్లజాతి స్త్రీ ఎవరో కుట్టిందట. మరి కథలో గోడకి తగిలించడం తప్పెలా అయింది?

మళ్ళీ చదివితే జవాబు కథలోనే దొరికింది. కుట్టినామె పేరు కూడా మిగలనప్పుడు బొంతకి గోడే గతి. మ్యాగీకి పేర్లు తెలుసు. కవ్వం ఎవరు చెక్కారో తడుముకోకుండా చెబుతుంది. పైగా బొంత కుట్టడం వచ్చు, చిరిగితే ఇంకోటి కుట్టగలదు. డీ తప్పు బొంత అడగడం కాదు. అమ్మమ్మనుంచి వచ్చిన పేరుని పారేసి అమ్మమ్మ బొంత అడిగింది. కాలేజీకి వెళ్ళేటప్పుడు తల్లి ఒక బొంత ఇస్తానంటే పాతకాలపుదని వద్దంది కూడా.

ఇక్కడే కథ నన్ను పట్టుకుంది. వెంకట సుబ్బమ్మ అనే పేరు ఇక్కడి టీచర్లకి నోరు తిరగదని మా అమ్మాయికి రెండక్షరాల పేరు పెట్టాం. సుబ్బమ్మగారి కాసులపేరు మాత్రం లాకర్లో దాచాం, దాని పెళ్ళికని. మనలో చాలా ఇళ్ళ సంగతి ఇంతే. ఇత్తడి గంగాళంలో ప్లాస్టిక్ పూలు, తిరగలి మీద ఫోన్. ఆ తిరగలి తిప్పిన చేతుల గురించి పిల్లలు అడిగితే, "పాతకాలంలో వాడేవారు" అని ఒక్కమాటతో సరిపెడతాం.

నా బొంత సంగతి చెప్పకపోతే ఈ విమర్శ నిజాయితీ కాదు. అమ్మ పోయాక ఊరెళ్ళినప్పుడు అది అక్క మనవడి కింద పరిచి ఉంది. "పాడైపోతుందే, నాకివ్వు" అన్నాను. "పసిపిల్లాడి కింద వేసేదేగా బొంత" అని నవ్వి, ఉతికి, మడతపెట్టి ఇచ్చింది. అచ్చం మ్యాగీలాగే. నా చేతుల్లోంచి లాక్కోవడానికి అక్కడ అమ్మ లేదు.

అమ్మాయి అడిగిన వారానికి అక్కకి ఫోన్ చేశాం. ఫ్రేము ముందు నిలబడి అది ఒక్కో గుడ్డా చెబుతుంటే, అక్క అటునుంచి పేర్లు చెప్పింది. నేరేడు రంగు అమ్మమ్మ నేతచీర. జరీ పోయిన అంచు పెద్దత్తయ్య పెళ్ళిది. తెల్లది తాతయ్య పంచె. అమ్మాయి అన్నీ కాగితం మీద రాసుకుంది, ఇంగ్లీషు అక్షరాల్లోనే. కుట్టడం నేర్పమని కూడా అడిగింది. "వేసవికి రా" అంది అక్క.

రెండు గుడ్డలు ఎవరివో అక్కకీ తెలియలేదు. అవి అమ్మకే తెలుసు.