వెస్టర్ను చిత్రములును వ్యంగ్యానుకరణమును

హాస్యమునకు వికృతి మూలమని యాలంకారికుల మతము. వేషమునందు, వాక్కునందు, చేష్టయందుఁ గల వికారము నవ్వు పుట్టించును. కాని వికృతిని గుర్తింపవలెనన్నచోఁ బ్రకృతి ముందుగాఁ దెలిసియుండవలయును. అమెరికా దేశపు వెస్టర్ను చిత్రములను పరిహసించు హాస్యచిత్రములు ఈ నియమమునకుఁ జక్కని నిదర్శనములు.

ధూళి రేఁగు వీథి, పానశాల, నక్షత్రచిహ్నము ధరించిన షెరీఫు, తుపాకుల ద్వంద్వయుద్ధము, తుదకు నాయకుఁడు గుఱ్ఱమెక్కి యస్తాద్రివైపు సాగిపోవుట — ఇవి మూలచిత్రముల సంప్రదాయములు. మన ప్రబంధములలోని యష్టాదశవర్ణనలవలె ఇవి ప్రేక్షకునకుఁ జిరపరిచితములు. కాఁబట్టియే వీనిలో నొకదానిని రవంత త్రిప్పినను నవ్వు పుట్టును.

1948లో వెలువడిన “ది పేల్‌ఫేస్” చిత్రమున బాబ్ హోప్ ధరించిన పాత్ర పిఱికివాఁడగు దంతవైద్యుఁడు. శత్రువులను గాల్చునది జేన్ రస్సెల్ ధరించిన కలామిటీ జేన్. కీర్తి మాత్రము దంతవైద్యునిది. 1965 నాఁటి “క్యాట్ బల్లూ”కు మూలమైన రాయ్ చాన్స్‌లర్ నవల గంభీరరచన. చిత్రము దానిని హాస్యముగా మార్చినది. ఇందు లీ మార్విన్ త్రాగుఁబోతగు తుపాకివీరుఁడుగను, వెండిముక్కు ధరించిన దుష్టుఁడుగను రెండు పాత్రలు ధరించి ఆస్కారు బహుమానము నందెను. వీరుఁడును దుష్టుఁడును ఒకే ముఖము గలవారగుటచే, వారి భేదము వేషమాత్రమేమో యను శంక చూపరులకుఁ గలుగును.

ఈ రెండు చిత్రములును వీరుని నవ్వులపాలు చేసినవే కాని, వీరగాథ దాఁచిన విషయమును బయటఁబెట్టలేదు. ఆ పని చేసినది 1974లో మెల్ బ్రూక్స్ తీసిన “బ్లేజింగ్ శాడిల్స్”. రైలుమార్గము కొఱకు గ్రామమును ఖాళీ చేయింపఁదలఁచిన యధికారి, ప్రజలు సహింపరను తలంపుతో నల్లజాతివాని నచ్చటికి షెరీఫుగాఁ బంపును. నిజమైన పశుపాలకులలో నల్లవారు పెక్కురుండిరి. గంభీరచిత్రములు వారిని తఱచు మఱచినవి. గంభీరకావ్యము దాఁచిన సత్యమును వికటకావ్యము చెప్పినది.

ఇందొక యాక్షేపము గలదు. ఈ చిత్రమున జాతిదూషణములు మెండు. వానిని విని, దూషించువాని పక్షమున నవ్వు ప్రేక్షకుఁడును ఉండవచ్చును. ఆక్షేపము త్రోసివేయఁదగినది కాదు. అయినను ఆ దూషణములు ప్రధానముగా మూఢుల నోటనే యుంచఁబడినవి. ఆ మూఢుల నెల్లప్పుడును గెలుచు బుద్ధిశాలి యా షెరీఫే. రచయితలలో నల్లజాతి హాస్యకారుఁడగు రిచర్డ్ ప్రయర్ ఒకఁడు. కావున నవ్వు లక్ష్యము తప్పినచో దోషము రచనది కన్న వినువానిదే యధికము.

మఱియొక గుణము గమనింపఁదగినది. ఈ చిత్రపు శీర్షికాగీతమును ఫ్రాంకీ లేన్ పరిహాసలేశమైన లేక గంభీరముగనే పాడెను. తుదిని నాయకులిద్దఱు గుఱ్ఱములపైఁ గొంతదూరమేగి, దిగి, సిద్ధముగానున్న మోటారుకా రెక్కి పోవుదురు. మూలమునందు ప్రీతిలేనివాఁడు ఇట్టి యనుకరణము చేయఁజాలఁడు. ద్వేషముతోఁ జేసిన వికృతి నిందయగును. ప్రేమతోఁ జేసినదే హాస్యమగును.