తూటాలు లెక్కపెట్టిన విలన్

మొన్న సంక్రాంతికి రాజుపాలెం వెళ్లినప్పుడు టీవీలో మళ్లీ ‘ఆర్ఆర్ఆర్’ వస్తోంది. పెదనాన్న మంచం మీద ఒత్తిగిలి సగం నిద్రలో చూస్తున్నాడు. చివర్లో రామ్ తన ఊరికి తుపాకులు తెచ్చే చోట మాత్రం లేచి కూర్చున్నాడు. "తుపాకులు సరేరా, తూటాలెవరిస్తారంట?" అన్నాడు. అప్పుడు నవ్వేశాను. హైదరాబాద్ వచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. మరుసటి ఆదివారం నోట్‌బుక్ పక్కన పెట్టుకుని సినిమా మళ్లీ మొదట్నుంచీ చూశాను.

ఆ ప్రశ్న అడిగే హక్కు పెదనాన్నకి ఉంది. ఆయన దగ్గర లైసెన్సున్న డబుల్ బ్యారెల్ ఉంది. చేలో పడే అడవిపందుల్ని బెదరగొట్టడానికే తప్ప ఇంకెందుకూ వాడగా నేను చూడలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టి, స్టేషన్లో అప్పజెప్పి, రసీదు తెచ్చుకుంటాడు. 2024లోనూ అంతే చేశాడు. ఆ ఎన్నికల్లో పల్నాడు ఎలా ఉందో మీరంతా వార్తల్లో చూసే ఉంటారు. రసీదున్న తుపాకీ స్టేషన్లో ఉంది, రసీదు లేని నాటుబాంబులూ పెట్రోలు సీసాలూ ఊళ్లలో ఉన్నాయి. మావాళ్ల చేతికి ఆయుధం అందిన ప్రతిసారీ అది బయటి శత్రువు మీదికే వెళ్తుందన్న నమ్మకం నాకు చిన్నప్పుడే పోయింది. పల్నాటి యుద్ధం జరిగింది కూడా అన్నదమ్ముల మధ్యే కదా.

ఇక సినిమా. రిలీజ్ రోజున నేనూ ఈల వేసినవాణ్ణే, ఆ సంగతి దాచుకోను. ఇది పూర్తిగా కల్పన అని తీసినవాళ్లు ముందే చెప్పారు, కాబట్టి చరిత్ర తప్పింది అనే పేచీ నాకు లేదు. నా పేచీ కథ లోపలి లెక్కతో. రామ్ జీవితం మొత్తం ఒక్క మాట మీద నడుస్తుంది: ఊళ్లో ప్రతి చేతికీ ఒక తుపాకీ. దానికోసమే పోలీసు యూనిఫాం వేసుకుంటాడు, దానికోసమే తనవాళ్లనే కొడతాడు. కానీ మూడు గంటల సినిమాలో తూటా ఖరీదు గురించి మాట్లాడేది ఒక్క స్కాట్ దొర. సముద్రాలు దాటి వచ్చిన తూటా విలువ ఒక పౌండు, దాన్ని ఒక భారతీయురాలి మీద ఖర్చు పెట్టొద్దని సిపాయిని ఆపుతాడు. అది క్రూరత్వమే, సందేహం లేదు. అయినా ఆయుధం వెనక ఫ్యాక్టరీ, ఓడ, గోదాము ఉంటాయని తెలిసిన మనిషి సినిమాలో అతనొక్కడే. ఆ తూటాతోనే చివర్లో అతన్ని చంపించడం మంచి స్క్రీన్‌ప్లే. ఆ తర్వాతి తూటా ఎక్కణ్ణుంచి వస్తుందన్నది మాత్రం కథ అడగదు.

అసలు సీతారామరాజు అడిగాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల నుంచి చేతికొచ్చినవి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు. భాగించి చూడండి, తుపాకీకి వంద కూడా రావు. మన్యం మొత్తానికి 26 తుపాకులు! ప్రతి చేతికీ ఒకటి కాదు కదా, ఊరికొకటి కూడా కాదు. పైగా, ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్లో రాసి సంతకం పెట్టేవాడని చెబుతారు. అది వీరుడి దర్జాగానే అందరూ చెప్పుకుంటారు. నాకైతే అందులో పెదనాన్న రసీదు కనిపిస్తుంది. ఈ తుపాకీకి జవాబుదారీ నేను అని ఒక మనిషి పేరు రాసివ్వడం అది. అక్టోబరులో అడ్డతీగల వెళ్లేసరికి పోలీసులు ఆయుధాలు ముందే దాచేశారు. ఒకసారి పనిచేసిన సప్లై లైన్ రెండోసారి పనిచేయలేదు. సెప్టెంబరులో దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారుల్ని కాల్చినప్పుడు కూడా, ముందు నడుస్తున్న భారతీయ పోలీసుల్ని పోనిచ్చి ఆ ఇద్దరి కోసం ఆగారంటారు. తూటాలు తక్కువున్నవాడికి ఎవర్ని కాల్చాలన్నదే కాక ఎవర్ని కాల్చకూడదన్నది కూడా తెలియాలి.

అదే ఏడాది ఫిబ్రవరిలో మా పల్నాడులో పుల్లరి కట్టమన్న కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. ఆయన చేతిలో తుపాకీ ఉంటే ఏమయ్యేదని స్కూల్లో మేం వాదించుకునేవాళ్లం. ఇప్పుడు ఆ వాదనకి దిగాలనిపించదు.

తుపాకీ కోసం యూనిఫాం వేసుకోవడమన్న రామ్ ఆలోచన కొత్తదేం కాదు. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేని భారతీయుడి చేతిలో తుపాకీ నేరమైంది. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, ఖేడాలో సైన్యంలో చేరమంటూ పంచిన కరపత్రంలో గాంధీ ఆ చట్టాన్ని గట్టిగా తిట్టాడు. అది పోవాలన్నా, ఆయుధం పట్టడం నేర్చుకోవాలన్నా ఇదే అవకాశం, చేరండి అన్నాడు. సరిగ్గా రామ్ చేసిందదే. అలాంటి సినిమా చివరి పాటలో ఇంతమంది నాయకుల బొమ్మలు పెట్టి గాంధీని వదిలేయడం నాకు భలే తమాషాగా అనిపించింది.

రెండో యుద్ధంలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 1940 మే నెలలో బ్రిటన్‌లో రేడియోలో పిలుపిచ్చి మామూలు జనాన్ని ఊళ్ల కాపలాకి చేర్చుకున్నారు. తర్వాత దానికే హోంగార్డ్ అని పేరు. మొదట్లో అందరికీ రైఫిళ్లు లేవు, అయినా ఇవ్వాలన్న ఉద్దేశం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. మన తీరంలో జనానికి మిగిలింది సైరనూ, దీపాలార్పడమూ, మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్లకి పోవడమూ. సైన్యంలో చేరిన తెలుగువాడి చేతిలో రైఫిల్ ఉంది, సెలవు మీద ఇంటికొస్తే లేదు. యుద్ధకాలంలో ఎవరి చేతికి తుపాకీ ఇస్తారన్నది, ఎవరిని తమవాళ్లనుకుంటారన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఊరే తుపాకీ పడితే ఏమవుతుందో మన దగ్గర జరిగిన ఉదాహరణ బైరాన్‌పల్లి. ఇప్పటి సిద్దిపేట జిల్లా. 1948లో రజాకార్లు మీద పడుతుంటే ఊరివాళ్లు బురుజెక్కి వంతులవారీగా కాపలా కాశారు. చేతుల్లో నాటు తుపాకులూ వడిసెలలూ. వాటితోనే దాడుల్ని తిప్పికొట్టారు కూడా. అంటే ఊరి చేతిలో తుపాకీ పనిచేసింది, దాన్ని తీసిపారేయలేం. ఆగస్టు 27న నిజాం సైన్యం ఫిరంగితో సహా వచ్చింది. బురుజు కూలింది, మందుగుండు అయిపోయింది, పట్టుబడినవాళ్లని వరసగా నిలబెట్టి కాల్చేశారు. భారత సైన్యం హైదరాబాద్‌లోకి అడుగుపెట్టింది సెప్టెంబరు 13న. పదిహేడు రోజులు. ఈ పదిహేడు రోజుల మీద ఒక పెద్ద సినిమా తీయడం అంత తేలిక కాదు. అందులో ఇంటర్వెల్ బ్యాంగ్ ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచదేమో.

ఆ తర్వాత మొదలైంది అసలు తంటా. నిజాం పోయాక తుపాకులు దించాలా వద్దా అని పార్టీ లోపల తెగని వాదన. రావి నారాయణరెడ్డి ఆపేద్దామన్నాడు, మిగతావాళ్లు కొనసాగించారు. 1951 అక్టోబరు దాకా అది తేలలేదు. తుపాకీ తీసుకోవడానికి మూడు రోజులు చాలాయి, దించడానికి మూడేళ్లు పట్టింది.

‘ఆర్ఆర్ఆర్’కి ఈ అనుమానం అస్సలు రాలేదని కూడా అనలేను. నడి సినిమాలో ఒక చోట వస్తుంది. కొరడా దెబ్బలు తింటూ భీమ్ పాడితే గుంపు తిరగబడుతుంది, తుపాకీ లేకుండానే. రామ్ అది చూసి తన లెక్కే తప్పేమో అనుకుంటాడు. సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన క్షణం అది. కానీ క్లైమాక్స్‌కి వచ్చేసరికి కథ దాన్ని మర్చిపోయి, పాత హామీ ప్రకారం తుపాకులే ఊరికి చేరుస్తుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కమర్షియల్ సినిమా ధర్మం, ఒప్పుకుంటాను. మారిన మనసుని అలా వదిలేయడం మాత్రం రచనలో బద్ధకం. ఏం కావాలని రామ్ అడిగితే భీమ్ చదువు కావాలంటాడు. ఆ మాట మీద ఇంకో పది నిమిషాలు ఉండాల్సిన కథ పాటలోకి వెళ్లిపోయింది.

ఎన్నికల తర్వాత పెదనాన్న తుపాకీ తెచ్చుకోవడానికి వెళ్తే, రసీదు చూసి అక్కడి కానిస్టేబుల్ తూటాలు కూడా లెక్కపెట్టి ఇచ్చాడట. ఈయన మళ్లీ ఇంటికొచ్చి లెక్కపెట్టుకున్నాడు. పన్నెండూ ఉన్నాయి.