తప్పొప్పుల పట్టికలోని మనిషి

మన సాహిత్య చరిత్రలలో కంపోజిటర్‌కు మిగిలిన చోటు ఒక్కటే: పుస్తకం చివరి తప్పొప్పుల పట్టిక. సరిగా పడిన వాక్యం రచయితది, తప్పుపడిన అక్షరం కంపోజిటర్‌ది. ఈ న్యాయం ఎక్కడిదో విమర్శకులు విచారించవలసి ఉన్నది.

ఇనుగుర్తి విషయమే తీసుకుందాం. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ గ్రామం నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో ‘తెనుగు’ వారపత్రికను వెలువరించారు. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ లేని కాలమది. వారు వ్రాయడమే గాక స్వయంగా టైపు కూర్చారు, అచ్చువేశారు. మనం వారి భాషాభిమానాన్ని పుటలకొద్దీ పొగడుతాం. సిరా అంటిన వారి వేళ్ళను ఒక్క వాక్యంతో సరిపెడతాం. సంపాదకులే టైపు కూర్చినప్పుడు ఇట్లా ఉంటే, కూలికి కూర్చినవాని గతి చెప్పనక్కరలేదు.

ఆ పని సామాన్యమైనది కాదు. గుణింతాలు, ఒత్తులతో తెలుగు టైపుకు గళ్ళు వందలకొద్దీ కావాలి. సీసపు అక్షరాలను తలక్రిందులుగా స్టిక్కులో పేర్చి, ప్రూఫు తీసి, దిద్ది, అచ్చయిన తరువాత ఒక్కొక్కదాన్నీ తిరిగి దాని గడిలో వేయాలి. జనగామలో ఈ పనిలో జీవితం గడిపిన ఒక వృద్ధునితో మాట్లాడాను. సీసం పోయినందుకు ఆయనకు విచారం లేదు. “కండ్లు దానికే పాయె, నడుము దానికే పాయె సారూ. మిషిని మంచిదే. దాని ముందల నన్నెవరు కూసోబెట్టిన్రు?” అన్నాడు.

ఈ ప్రశ్నను దాటవేసి సీసపు అక్షరాల అందానికి కన్నీరు కార్చేవారు శ్రామికుని పక్షాన లేరు. యంత్రాన్ని నిందించేవారూ లేరు. ఆఫ్‌సెట్, డి.టి.పి. శ్రమను తగ్గించాయి. ఆ మిగులు యజమానికి చేరింది. నైపుణ్యం మాత్రం వీధిన పడింది.

పైగా కూర్పుపని మాయం కాలేదు, చేతులు మారింది. నేడు రచయితే టైపు చేస్తున్నాడు. అను లిపిలో ఉన్న పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చి, చెదిరిన ఒత్తులను దిద్దేవారున్నారు. వారికీ పేరు లేదు.

సాహిత్య విమర్శకు రచన చాలదా అని మిత్రులు అడగవచ్చు. కూర్పు, ప్రూఫు దాటకుండా ఏ రచన అచ్చయి పాఠకుని చేరింది? విద్యార్థులు తమ ఊళ్ళలో మిగిలిన కంపోజిటర్ల అనుభవాలను సేకరించాలి. కూర్చినవారి పేర్లను సంపాదకుల పేర్ల ప్రక్కన అచ్చువేయాలి. ఆ పని ముందుగా మన పత్రికలోనే మొదలు కావాలి.