వినవలసిన కవిత్వము

మార్షల్ దీవుల కవిత్వము సాహిత్య తరగతులలో పాఠ్యమగుట సంతోషకరము. కేథీ జెట్నిల్-కిజినర్ 2014లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సభలో తన బిడ్డ నుద్దేశించిన కవితను వినిపించినారు. సముద్రము తమ దీవిని మ్రింగనీయమను బాస యందలి సారము. అచ్చులో నది సగమే నిలుచును. తక్కిన సగము కంఠమునది. బుర్రకథను పుస్తకములో మాత్రమే చదివినవారికి ఈ లోటు తెలియును.

అండమాను విద్యార్థికి ఈ పాఠము మరింత చేరువ. అచ్చటి ‘బో’ భాషను మాటాడు చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసినారు. భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బి ఆమె పాటలను ధ్వనిముద్రణము చేసినారు. పాట మిగిలినది, ఆ భాషలో బదులు పాడువారు లేరు.

దూరపు దీవి గొంతును విన్న తరగతి తన దీవి గొంతును వినకున్నచో, ఆ పాఠము సగమే చెప్పినట్లు.