ఆఖరి యూనిట్లో వాడ: తెలుగు సాహిత్య చరిత్ర తొలిపాఠంపై ఒక విమర్శ

డిగ్రీలో తెలుగు చదివే విద్యార్థి ముందుగా దాటాల్సిన గడప 'తెలుగు సాహిత్య చరిత్ర'. వెయ్యేళ్ళ సాహిత్యాన్ని కొద్ది నెలల్లో పరిచయం చేసే పాఠం ఇది. దీన్ని చదివినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ సాహిత్యం జోలికి పోరు. డీఎస్సీకో, గ్రూప్స్‌కో ఇదే పాఠాన్ని ఇంకోసారి బట్టీపట్టి వదిలేస్తారు. కనక సాహిత్యమంటే ఏది, కవి అంటే ఎవరు అన్నవాటిమీద వాళ్ళకి జీవితాంతం మిగిలే అభిప్రాయం ఇక్కడే తయారవుతుంది. వాడల్నుంచి మొదటి తరంగా కాలేజీ మెట్లెక్కిన మేము ఈ పాఠాన్ని చదివాం. మాలో కొందరం ఇప్పుడు చెబుతున్నాం. అందుకే దీన్ని 'పరిచయ పాఠమే గదా' అని వదిలెయ్యలేం.

ఒకప్పుడు మన ఫిర్యాదు సిలబస్‌లో మనం లేమని. ఇప్పుడు ఆ మాట అంటే అధ్యాపకులు వెంటనే పుస్తకం తిప్పి చూపిస్తారు: జాషువా ఉన్నాడు, బోయి భీమన్న ఉన్నాడు, చివర్న 'దళితవాద కవిత్వం' ఉంది. నిజమే, ఉన్నాం. ఎక్కడ ఉన్నాం, ఏ కొలతతో ఉన్నాం అన్నదే ఇప్పటి ప్రశ్న. కరువులో వచ్చిన చుట్టానికి వసారాలో ఆకు వేసినట్టు ఆఖరి యూనిట్లో మనకి చోటిచ్చారు. ఇంటి నిర్మాణం మాత్రం ఇటుక కూడా కదల్లేదు.

ఆ నిర్మాణం పేరు యుగవిభజన. కందుకూరి వీరేశలింగం కవుల చరిత్ర రాస్తూ పూర్వకవులు, మధ్యకవులు, ఆధునిక కవులు అని మూడు భాగాలు చేశాడు. తర్వాతివాళ్ళు కవుల పేర్లమీద నన్నయ యుగం, తిక్కన యుగం, శ్రీనాథ యుగం అన్నారు. ఆరుద్ర సమగ్ర ఆంధ్ర సాహిత్యాన్ని రాజవంశాలమీద విభజించాడు. ఈ పద్ధతుల మధ్య తేడాల గురించి పరీక్షలో ప్రశ్న కూడా వస్తుంది. కానీ వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న షరతు గురించి ఎవరూ అడగరు. కాలానికి పేరు రావాలంటే ఒక రాజో, రాజు పోషించిన కవో, అక్షరం నేర్చిన కులంలో పుట్టిన పండితుడో ఉండాలి. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టాడు కనక చరిత్ర అక్కడ మొదలైంది. అంతకుముందున్న కాలమంతా 'ప్రాఙ్నన్నయ యుగం'. పుట్టకముందు కాలానికి కూడా ఆయన పేరే! ఆ కాలంలో నాట్లేసినవాళ్ళు, తోలు పదును చేసినవాళ్ళు, డప్పు కొట్టినవాళ్ళు పాడుకున్న పాటలు 'జానపదం' అనే పేరాలోకి పోతాయి. జానపదానికి తేదీ లేదు కనక యుగమూ లేదు. తేదీ ఎందుకు లేదు? రాసిపెట్టుకునే చదువు ఎవరికి నిషేధించారు? ఈ రెండు ప్రశ్నలూ ఆ పేరాలో ఉండవు.

జాంబపురాణాన్ని తీసుకోండి. డక్కలివాళ్ళు పటం పరిచి చెప్పే, చిందువాళ్ళు ఆడే ఈ మాదిగల కులపురాణంలో నేల పుట్టకముందే జాంబవుడు ఉన్నాడు. సృష్టి ఎట్లా జరిగింది, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది అందులో అసలు వాదం. దానికి ఆదీ ఉంది, వంశక్రమం ఉంది, చెప్పే పద్ధతి ఉంది. అయినా పురాణాల పాఠంలో దాని పేరు వినపడదు. మార్కండేయ పురాణాన్ని అనువదించిన మారన పేరు వినపడుతుంది. ఒకటి గ్రంథం, రెండోది 'ప్రదర్శన కళ' అంటారు. వినేవాళ్ళు తలవంచుకుని రాసుకుంటారు.

పుస్తకాల్లో ఉన్న మన మనుషుల సంగతి చూద్దాం. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. గుట్టుగా శివుణ్ణి కొలిచే చెన్నయ్య పెట్టిన అంబలి తాగిన దేవుడు చోళరాజు నైవేద్యం ముట్టలేదు. పాఠంలో సోమనాథుడంటే ద్విపద, జానుతెనుగు, దేశి కవిత. ఆ దేశి ఛందస్సులో ఎవరి కథ చెప్పాడో, ఆ కథ చెప్పడానికి ఆ ఛందస్సే ఎందుకు కావలసివచ్చిందో రాదు. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో మాలదాసరి కథ ఉంది. తనను తినబోయిన బ్రహ్మరాక్షసుడికి ఇచ్చిన మాట ప్రకారం, దేవుడికి పాట పాడి తిరిగొచ్చిన మనిషి. చివరికి తన పాట ఫలాన్ని ధారపోసి, పూర్వజన్మలో బ్రాహ్మణుడైన ఆ రాక్షసుణ్ణి విడిపిస్తాడు. దీన్ని పాఠంగా పెట్టినప్పుడు 'భక్తికి కులం లేదు' అని నీతి చెప్పి, రాయల వర్ణనా నైపుణ్యంమీద ప్రశ్న ఇస్తారు. భక్తికి కులం లేకపోతే ఆ దాసరి గుడి బయటే నిలబడి ఎందుకు పాడాడు? పుణ్యం ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోయింది? విమోచన దొరికింది ఎవరికి? ఈ ప్రశ్నలు వేస్తే కావ్యం చిన్నదైపోదు, ఇంకా లోతుగా అర్థమవుతుంది.

'సాహిత్యంలోకి కులాన్ని తేవద్దు' అనే మాట మనకి కొత్త కాదు. అసలు దాన్ని తెచ్చింది ఎవరు? సాహిత్య చరిత్రలు తెరిచి చూడండి. కవి పరిచయం గోత్రంతో, సూత్రంతో, శాఖతో మొదలవుతుంది. ఫలానా కవి నియోగా, వైదికా అని పేజీలకి పేజీలు వాదించుకున్నారు. అది 'కవికాల నిర్ణయం', పరిశోధన. మన కవి కులం మనం చెబితే సంకుచితత్వం! ఇంకో తమాషా ఉంది. రామాయణం రాసిన మొల్లని ఇవాళ్టికీ కుమ్మరి మొల్ల అంటారు. నియోగి తిక్కన అనేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ఆయన పేరు పక్కన కనపడేది యజ్ఞం చేసినందుకు వచ్చిన సోమయాజి బిరుదు. ఒకరికి కులం ఇంటిపేరయింది, ఇంకొకరికి బిరుదులో కలిసిపోయింది.

ఆధునిక యుగంలోకి వచ్చినా పద్ధతి మారదు. జాతీయోద్యమ కవిత్వం అనగానే గరిమెళ్ళ సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనం' వస్తుంది, రావాల్సిందే. అదే కాలంలో, 1921లో, రాజమండ్రి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనం' అన్నాడు. ఒకే బాణీలో రెండు పాటలు ఎదురెదురుగా నిలబడి, స్వరాజ్యం ఎవరికి అని తేల్చుకుంటున్నాయి. సాహిత్యం చెప్పే అధ్యాపకుడికి ఇంతకంటే మంచి పాఠం దొరుకుతుందా? అయినా మొదటి పాట జాతీయోద్యమంలో ఉంటుంది. రెండోది, దొరికితే, 'హరిజనాభ్యుదయ కవిత్వం'లో ఉంటుంది. ఆ పేరు ధర్మన్న పెట్టుకున్నది కాదు. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లిని ప్రభుత్వం నిషేధించిందని చెబుతారు. ఆ నవల విలువని మేం కాదనడం లేదు. మాలపల్లి గురించి రాసినవాడికి అధ్యాయం, మాలపల్లిలోంచి రాసినవాడికి ఒక వాక్యం ఏ న్యాయమని అడుగుతున్నాం.

జాషువాకి అధ్యాయమే ఉంది గదా అంటారు. 1941 నాటి గబ్బిలాన్ని ఎట్లా చెబుతున్నారో చూడండి. కాళిదాసు మేఘసందేశం ఫక్కీ, కరుణరసం, పద్యధార. కాళిదాసు మేఘాన్ని పక్కనబెట్టి జాషువా గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నాడు? గబ్బిలం గుడిలోకి పోగలదు, దాన్ని పంపే మనిషి పోలేడు. కావ్యం మొత్తం ఈ ఒక్క లెక్కమీద నిలబడింది. దాన్ని కరుణరసం కింద జమకడితే విద్యార్థి జాలిపడి మార్కులు తెచ్చుకుంటాడు. జాలి అడిగిన కవి కాడు జాషువా.

ఇక ఆఖరి యూనిట్. 1985 కారంచేడు, 1991 చుండూరు లేకుండా, 1995 'చిక్కనవుతున్న పాట', 1996 'పదునెక్కిన పాట' పుట్టవు. ఆ నెత్తురు గురించి ఒక్క మాటా లేకుండా 'అస్తిత్వవాదాలు' అనే శీర్షిక కింద లక్షణాలు నంబర్లు వేసి రాయిస్తున్నారు. అది కూడా పరీక్షలు దగ్గరపడ్డాక, 'ఇది మీరే చదువుకోండి' అంటూ.

పరిచయ పాఠంలో అన్నీ ఎట్లా పడతాయని అడిగే మిత్రులున్నారు. పట్టవు. ఏది పడుతుంది, ఏది పట్టదు అని తేల్చడమే ఈ పాఠం చేసే పని. ఆ తేల్చినవాళ్ళెవరో విద్యార్థికి తెలియాలి. మన వైపు కూడా ఒక మాట చెప్పుకోవాలి. నన్నయ, తిక్కన, ఎర్రనల స్థానంలో మనం ముగ్గురు మగ కవుల్ని నిలబెట్టి ఇదే మన కవిత్రయం అంటే, ఇల్లు పాతదే, సున్నం కొత్తది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి గోగు శ్యామల 'నల్లపొద్దు'లో చేర్చేదాకా మన జాబితాల్లో వాళ్ళకి దక్కిన చోటు ఎంత? 1994 నుంచి దండోరా అడిగిన వాటా ప్రశ్న సాహిత్య చరిత్రకి వర్తించదా? డక్కలి కథకుణ్ణి మన పుస్తకాలు ఏ పేజీలో కూర్చోబెట్టాయి?

సిలబస్ కమిటీలు మారేదాకా ఆగక్కర్లేదు. పాఠం చెప్పే మిత్రులు ఈ ఏడాదే కొన్ని పనులు చెయ్యొచ్చు. గరిమెళ్ళ చెప్పిన గంటలోనే ధర్మన్నని చెప్పండి. మాలదాసరి పాఠం రోజు, అతను ఎక్కడ నిలబడి పాడాడో పిల్లల్ని అడగండి. నన్నయకంటే ముందు జాంబపురాణం చెప్పించండి. చెప్పేవాళ్ళు మీ చుట్టుపక్కల ఊళ్ళలో ఉంటే పిలిచి, బత్తెం ఇచ్చి, క్లాసులో కూర్చోబెట్టండి. ప్రతి రచన దగ్గరా మూడు ప్రశ్నలు బోర్డుమీద రాయండి: ఇది ఎవరు రాశారు, ఎవరికి వినిపించారు, వినకుండా ఎవర్ని దూరం పెట్టారు? నన్నయకీ అవే ప్రశ్నలు, జాషువాకీ అవే, మనకీ అవే. ఏం జరిగిందో మాకు రాసి పంపండి. విద్యార్థులు రాసిన జవాబులు కూడా పంపండి. వచ్చే చర్చ వాటితో మొదలుపెడదాం.